డెడ్‌లైన్లు మీద పడకముందే: వర్క్‌లోడ్ షీట్ వేసుకునేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

మూడు నాలుగు ప్రాజెక్టుల ఆఖరి దశలు ఒకే నెలలో వచ్చి పడబోతున్నాయని షెడ్యూల్ చూస్తే తెలిసిపోతుంది. ఎవరి మీద ఎంత పడుతుందో మాత్రం తెలియదు. ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో చూపించే గాంట్ చార్ట్‌లో పనులు గీతలుగా కనిపిస్తాయి. వాటిలో ఐదు గీతల వెనక ఉన్నది ఒకే మనిషి అన్న సంగతి కనిపించదు. అందుకే ఎడమవైపు పేర్లు, పైన వారాలు పెట్టి, ఎవరి నెత్తిన ఎన్ని గంటలున్నాయో రంగుల్లో చూపించే షీట్ వేసుకుంటాం. ఎక్సెల్‌లో అయినా గూగుల్ షీట్స్‌లో అయినా అది పెద్ద పనేం కాదు. కాకపోతే తప్పుగా వేసిన షీట్ కన్నా అసలు షీట్ లేకపోవడమే నయం. షీట్ లేకపోతే కనీసం టెన్షన్ అయినా ఉంటుంది. అంతా పచ్చగా కనిపిస్తే ఎవరూ ఇంకేమీ అడగరు.

అన్నిటికన్నా ముందు లెక్క తేలాల్సింది మనిషి చేతిలో ఉన్న గంటలు. పని గంటలు ఆ తర్వాత. రోజుకు 8, వారానికి 40 అని రాసేస్తే షీట్ మొదట్లోనే తప్పుతుంది. మీటింగులు, మెయిళ్లు, మధ్యలో ఎవరో వచ్చి అడిగే చిన్నా చితకా పనులు పోను మిగిలేవే అసలు గంటలు. నేనైతే రోజుకు 6 రాస్తాను, టీమ్ లీడ్‌కు 4. మీ దగ్గర అది 5 కావచ్చు, వాళ్లనే అడిగి రాయండి. ఈ గంటలను మనిషివారీగా, వారంవారీగా వేరే ట్యాబ్‌లో పెట్టి, సెలవులు కూడా అక్కడే తీసేయండి. పనిదినాలు లెక్కించే నెట్‌వర్క్‌డేస్ ఫార్ములా శని, ఆదివారాలను మాత్రమే తనంతట తాను వదిలేస్తుంది. మిగతా సెలవుల జాబితా మీరివ్వాల్సిందే. శనివారం కూడా పనిచేసే టీమ్ అయితే నెట్‌వర్క్‌డేస్.ఇంటల్ వాడి, వారాంతం దగ్గర 11 ఇస్తే ఆదివారం ఒక్కటే సెలవుగా తీసుకుంటుంది.

నెలవారీ లెక్క జోలికి వెళ్లకండి. వారానికి 30 గంటల చొప్పున నాలుగు వారాలకు ఒకరి చేతిలో 120 గంటలున్నాయి, ఇచ్చిన పని 110 అనుకుందాం. నెల గడిలో 92 శాతం అని పడుతుంది, బానే ఉందనిపిస్తుంది. అదే 110ని వారాలుగా విడదీస్తే 15, 20, 50, 25. మూడో వారంలో ఆ మనిషి మీద 167 శాతం భారం ఉంది. రాత్రిళ్లు కూర్చునేది ఆ వారమే, తప్పులు దొర్లేది కూడా ఆ వారమే.

వారవారీ షీట్‌లోనూ ఇలాంటి మోసమే ఇంకొకటి ఉంది. 40 గంటల పనిని నాలుగు వారాల మీద సమానంగా పరిస్తే వారానికి 10 పడుతుంది, ఏ రంగూ మారదు. నిజానికి ఇన్‌పుట్స్ ఆలస్యంగా వచ్చే పనులు సమానంగా నడవవు, అన్నీ చివరికే జరుగుతాయి. అలాంటి పనిని టాస్క్ లిస్టులో (పని, మనిషి, తేదీలు, గంటలు రాసే ట్యాబ్; వారాల పట్టిక అంకెలు తీసుకునేది దీన్నుంచే) రెండు వరుసలుగా విడగొట్టండి: మొదటి రెండు వారాలకు 10 గంటలు, చివరి రెండు వారాలకు 30. అంచనాయే అయినా సమానంగా పంచినదాని కన్నా వాస్తవానికి దగ్గరగా ఉంటుంది.

ఇక రంగులు. కండిషనల్ ఫార్మాటింగ్‌లో (అంకెను బట్టి గడికి రంగు వేసే సదుపాయం) రెడీమేడ్‌గా దొరికే కలర్ స్కేల్ ఇక్కడ పనికిరాదు. అది ఉన్న అంకెల్లో పెద్దదానికి ఒక రంగు, చిన్నదానికి ఇంకో రంగు వేస్తుందే తప్ప ఎవరి చేతిలో ఎన్ని గంటలున్నాయో దానికి అక్కర్లేదు. అందరూ ఖాళీగా ఉన్న నెలలో కూడా ఎవరో ఒకరు ఎర్రగా కనిపిస్తారు. అందరూ మునిగిపోతున్న నెలలో కూడా ఎవరో ఒకరు పచ్చగా ఉంటారు. పని గంటలను చేతిలో ఉన్న గంటలతో భాగించి, వచ్చిన శాతానికి హద్దులు మీరే పెట్టండి. 80 లోపు రంగు వద్దు, 80 నుంచి 100 దాకా లేత నారింజ, ఆపైన ముదురు రంగు. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివాళ్లు ప్రతి టీమ్‌లోనూ ఉండవచ్చు కాబట్టి గడిలో అంకె కూడా కనబడనివ్వండి.

ఈ భాగహారం దగ్గరే పెద్ద గొయ్యి ఉంది. వారమంతా సెలవులో ఉన్న మనిషి గంటలు సున్నా. సున్నాతో భాగిస్తే ఎర్రర్ వస్తుంది, చూడ్డానికి బాగాలేదని ఇఫ్‌ఎర్రర్ పెట్టి ఆ గడిని ఖాళీ చేసేస్తాం. ఇప్పుడు ఆ వారంలో ఆ మనిషికి 12 గంటల పని ఇచ్చి ఉంటే? షీట్ మొత్తంలో ప్రమాదకరమైన గడి అదే, తెల్లగా కనబడేదీ అదే. చేతిలో గంటలు సున్నా అయి, పని మాత్రం ఉంటే ఆ గడిలో "సెలవు" అని పడేలా ముందే ఇఫ్ షరతు రాసుకోండి.

తేదీల సంగతి అందరికీ తెలిసిందే, అయినా అందరూ అక్కడే పడతారు. 3/4 అంటే ఏప్రిల్ 3 అని మీరనుకుంటే, మీ సహోద్యోగి కంప్యూటర్ మార్చి 4 అనుకోవచ్చు. తేదీలా కనిపిస్తూ లోపల టెక్స్ట్‌గా ఉండిపోయిన గడిని, షరతులకు సరిపోయిన గంటలను కూడే సమ్‌ఇఫ్స్ ఫార్ములా చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. స్ప్రెడ్‌షీట్ తనకు తోచినట్టు తేదీలు చేసుకునే అలవాటు ఎంత దూరం పోయిందంటే, మార్చ్1 లాంటి జన్యువుల పేర్లు తేదీలుగా మారిపోతున్నాయని 2020లో శాస్త్రవేత్తలు ఆ పేర్లనే మార్చుకున్నారు. మనం అంత దూరం పోనక్కర్లేదు. అసలైన తేదీ షీట్ లోపల ఒక అంకె కాబట్టి, తేదీల కాలమ్ పక్కన గడిలో ఉన్నది అంకేనా అని చూసే ఈజ్‌నంబర్ పెట్టి, ఫాల్స్ వచ్చిన వరుసలు సరిచేయండి. రోజు, నెల తారుమారైన తేదీలు మాత్రం ఇందులో దొరకవు. పేర్లకు మాత్రం డ్రాప్‌డౌన్ తప్పనిసరి. చివర ఒక స్పేస్ ఎక్కువైనా షీట్ దృష్టిలో అది వేరే మనిషి.

ఇలా లెక్కలోంచి జారిపోయిన గంటలను ఒక్క దెబ్బకు పట్టే గడి ఒకటుంది. టాస్క్ లిస్టులోని గంటల మొత్తం నుంచి, వారాల పట్టికలోని గంటల మొత్తం తీసేసి పైన మూలలో పెద్ద అక్షరాల్లో చూపించండి. సున్నా రావాలి. 18 అని వస్తే ఎక్కడో 18 గంటల పని ఎవరి ఖాతాలోనూ పడలేదన్నమాట. పేరు తేడా కావచ్చు, తేదీ తేడా కావచ్చు, ఎవరికీ అప్పగించని టాస్క్ కావచ్చు, పట్టిక ఆగిపోయిన వారం దాటి సాగే పని కావచ్చు. ఇది సున్నా అయ్యేదాకా రంగులు చూడకండి. ఎక్సెల్‌లో పివట్ టేబుల్‌తో (లిస్టును తనే కూడి పట్టికగా చూపించే సదుపాయం) పట్టిక వేస్తే మీటింగ్‌కు ముందు రిఫ్రెష్ నొక్కడం మర్చిపోవద్దు, చాలా వెర్షన్లలో అది తనంతట తాను మారదు.

పై వాళ్లకు చూపించే ముందు ముదురు రంగు పడ్డవాళ్లకు విడిగా చూపించండి. ఆ అంకె తప్పో ఒప్పో వాళ్లే చెబుతారు. నలుగురిలో హఠాత్తుగా తన పేరు పక్కన ఎరుపు చూసిన మనిషి తర్వాతి వారం గంటలు తగ్గించి రాస్తాడు, అక్కడితో షీట్ పనైపోతుంది. తెల్లగా ఉన్న గడి కనబడగానే పని అక్కడికి తోసేయడం కూడా వద్దు. ఆ పని ఆ మనిషికి వచ్చా, నేర్చుకోవడానికి ఎన్ని గంటలు పడుతుందో కలిపారా అన్నది చూడండి.

తేదీలు మారినప్పుడు టాస్క్ లిస్టులోనే మార్చండి. తొందరలో పట్టికలోని గడి మీదే అంకె కొట్టేస్తే అక్కడి ఫార్ములా పోతుంది, ఆ తర్వాత ఏం మార్చినా ఆ గడి కదలదు. డెడ్‌లైన్ల సీజన్ మొదలవకముందే పట్టిక ట్యాబ్‌ను లాక్ చేసి, లిస్టు మార్చే హక్కు ఒకరిద్దరికే ఇచ్చి, అప్పటి కాపీ ఒకటి తేదీ పేరుతో దాచి పెట్టండి.