మబ్బు పట్టిన రోజు నంది కొండకి సైకిల్ రైడ్

బెంగళూరులో ఏప్రిల్, మే వానలు ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే ఉరుములతో దిగుతాయి. అందుకే తెల్లవారకముందే సైకిల్ మీద ఊరికి ఉత్తరాన ఉన్న హెబ్బాళ దాటేసి, ఎండ ముదిరేలోపు తిరిగొచ్చేయండి. సాయంత్రం తప్ప కుదరదంటారా? అయితే నంది కొండ జోలికి పోకండి. పిడుగులు పడే వేళ 1,478 మీటర్ల ఎత్తున ఏం పని? దారిలోని దేవనహళ్లి దాకా వెళ్లి వెనక్కి తిరిగితే చాలు.

మెరుపు కనిపించగానే లెక్కపెట్టండి. ఉరుము 30 సెకన్లలోపే వినిపిస్తే పిడుగు మీకు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. వెంటనే ఏ హోటల్లోకో దూరండి, చెట్టు కిందకి మాత్రం వద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే కదలాలి. యావరేజ్ స్పీడ్ పోయిందని టెన్షన్ పడేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. ఫిల్టర్ కాఫీ తాగండి.

వాన మొదలైన కొత్తలోనే రోడ్డు ఎక్కువ జారుతుంది. దుమ్ము, ఆయిల్ కలిసి పైకి తేలతాయి. తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతల మీద బండి వంచకండి, బ్రేక్ వేయకండి. చక్రం అంచుని (రిమ్‌ని) పట్టి ఆపే రిమ్ బ్రేకులైతే మలుపుకి చాలా ముందే మెల్లగా నొక్కి, రిమ్ మీది నీళ్లు తుడుచుకుపోనివ్వాలి. అప్పుడే పట్టు దొరుకుతుంది. టైర్లలో గాలి నేను ఐదు పీఎస్‌ఐ తగ్గిస్తాను. నీళ్లు నిలిచిన చోట గుంత ఉందనే అనుకోండి, మన రోడ్ల సంగతి తెలిసిందేగా.

ఇంటికి రాగానే, స్నానానికి ముందే, చైన్ పొడిగుడ్డతో తుడిచి ఆయిల్ వేయండి.