డీఎస్సీ సైన్ అవ్వట్లేదా? ముందు టోకెన్ పీకండి

టీచర్ పోస్టుల డీఎస్సీ అనుకుని వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లిపోవచ్చు, ఇది జీఎస్టీ రిటర్న్‌ల మీద పెట్టే డిజిటల్ సంతకం (డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్) గొడవ. ఆ సర్టిఫికెట్ ఉండే పెన్‌డ్రైవ్ లాంటి యూఎస్‌బీ పరికరమే టోకెన్. 3బికి, అంటే నెలనెలా వేసే జీఎస్టీ రిటర్న్‌కి గడువైన 20వ తారీఖు దగ్గర పడుతోంది, మళ్లీ అందరూ ఆ రాత్రే కూర్చుంటారు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

పోయిన నెల గుంటూరులో మాకు తెలిసిన ఒక కోల్డ్ స్టోరేజీ కంపెనీలో జరిగింది. 20 రాత్రి తొమ్మిదింటికి 3బి ఫైల్ చేస్తుంటే సంతకం దగ్గర ఆగిపోయింది. గుమస్తా సైనర్‌ని, అంటే కంప్యూటర్లో సంతకం పెట్టించే ప్రోగ్రామ్‌ని, తీసేసి మళ్లీ వేశాడు, రాలేదు. ఎర్రర్ మెసేజ్‌ని అలాగే గూగుల్లో కొడితే పైన హెల్ప్‌డెస్క్ అని ఒక ఫోన్ నంబర్ కనబడింది. ఎత్తినవాడు శుభ్రమైన తెలుగులో, అండీ అండీ అంటూ మాట్లాడాడు. స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించాడు. "పిన్ ఒకసారి కొట్టండి, టెస్ట్ చేద్దాం" అన్నాడు, ఇతను కొట్టాడు. మధ్యలో ఓ ఐదు నిమిషాలు స్క్రీన్ నల్లగా అయిపోతే "అప్‌డేట్ అవుతోందండీ, ఏమీ ముట్టుకోకండి" అన్నాడట. తర్వాత రిటర్న్ నిజంగానే ఫైలైంది. 1,500 రూపాయలు యూపీఐలో కొట్టి, థాంక్స్ కూడా చెప్పి పడుకున్నాడు.

పది రోజులకి జీఎస్టీ ప్రొఫైల్ తెరిస్తే మొబైల్ నంబర్, ఈమెయిల్ రెండూ ఎవరివో.

గూగుల్లో దొరికిన నంబరుకి ఫోన్ చేయడమే తప్పు అంటున్నారు అందరూ. తప్పే, కాదనను. కానీ కొంప ముంచింది అది కాదు. టోకెన్ గుచ్చి ఉండగా స్క్రీన్ ఇవ్వడం, అదీ అసలు తప్పు. మొబైల్, ఈమెయిల్ మార్చడం జీఎస్టీలో చిన్న సవరణ కింద లెక్క, ఓటీపీ కొత్త నంబరుకే వెళ్తుంది, అంటే వాడి ఫోన్‌కే. మిగిలింది సంతకం ఒక్కటే. అది యూఎస్‌బీకి వేలాడుతోంది, పిన్ అప్పుడే కొట్టి ఉంది. 2000 నాటి ఐటీ చట్టం ప్రకారం డిజిటల్ సంతకం చేత్తో పెట్టిన సంతకంతో సమానం. ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి ముక్కూమొహం తెలియనివాడికి ఇస్తామా? ఇది అదే.

అసలు ఎందుకు పలకదు

చాలామంది దీన్ని ఇంకా బ్రౌజర్ ప్లగిన్ అనే అంటారు. ఒకప్పుడు నిజంగానే ప్లగిన్, జావాతో బ్రౌజర్ లోపలే నడిచేది. 2015 సెప్టెంబరులో క్రోమ్ 45, 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 52 ఆ పాత రకం ప్లగిన్‌లకు తలుపు మూసేశాయి. అప్పటి నుంచి సంతకం పెట్టే ప్రోగ్రామ్ బ్రౌజర్ బయట, మీ కంప్యూటర్లోనే ఒక చిన్న సర్వర్ లాగా నడుస్తోంది. జీఎస్టీకి ఎమ్‌సైనర్, ఇన్‌కమ్ టాక్స్‌కి ఎమ్‌బ్రిడ్జ్. బ్రౌజర్ 127.0.0.1 అనే అడ్రసులో దాన్ని పిలుస్తుంది, ఆ అడ్రస్ అంటే మీ కంప్యూటరే. కాబట్టి "ఫెయిల్డ్ టు ఎస్టాబ్లిష్ కనెక్షన్ టు ద సర్వర్" అని వస్తే ఎక్కడో ఢిల్లీలో సర్వర్ పడిపోయిందని కాదు, మీ కంప్యూటర్లో ఉన్న ఆ ప్రోగ్రామ్ పిలిస్తే పలకలేదని. ఇన్‌స్టాల్ అయ్యే ఉంటుంది, పలకదు అంతే. ఈ సంగతి తెలియక పాత వీడియోలు చూసి పాత ఫైర్‌ఫాక్స్, పాత జావా వెతుక్కుని వేసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వద్దు. పాత బ్రౌజర్ వేస్తే సంతకం సంగతి ఎలా ఉన్నా, దొంగలు దూరే దాని కంతలన్నీ వచ్చి చేరతాయి.

వరసగా చూసుకోవాల్సినవి

ముందు టోకెన్ పీకేయండి. సైనర్ బాగుచేసేటప్పుడు టోకెన్‌తో పనే లేదు.

కంప్యూటర్‌లో తేదీ, టైమ్ చూడండి. లోపల గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ పోయిన పాత కంప్యూటర్లలో తేదీ వెనక్కి వెళ్లిపోతుంది, అప్పుడు సర్టిఫికెట్లన్నీ చెల్లవని చెబుతుంది, మనం ఇన్‌స్టాలేషన్‌ని తిట్టుకుంటూ కూర్చుంటాం.

గడియారం పక్కన ఉండే చిన్న బొమ్మల్లో ఎమ్‌సైనర్ ఉంటే దాన్ని పూర్తిగా మూసేసి, డెస్క్‌టాప్ మీది ఐకాన్‌ని రైట్ క్లిక్ చేసి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" ఇవ్వండి. డబుల్ క్లిక్ కాదు. నా అనుభవంలో సగం ఫోన్లు ఇక్కడితో ఆగిపోతాయి. ఎమ్‌బ్రిడ్జ్, టెండర్ల సైనర్ లాంటివి పక్కన నడుస్తుంటే వాటిని కాసేపు ఆపండి, ఒకదాని పోర్టులో (ప్రోగ్రామ్ పలికే నంబరు, కింద వచ్చే 1585 లాంటిది) ఇంకొకటి కూర్చుంటే మొదటిది పలకదు.

తర్వాత కొత్త ట్యాబ్‌లో హెచ్‌టీటీపీఎస్‌తో 127.0.0.1:1585 కొట్టండి. సురక్షితం కాదని ఎర్రగా హెచ్చరిక వస్తుంది, "అడ్వాన్స్‌డ్" నొక్కి "ప్రొసీడ్" ఇవ్వండి. మీ కంప్యూటర్ తనకు తానే ఇచ్చుకున్న సర్టిఫికెట్ బ్రౌజర్‌కి తెలియదు, అందుకే ఆ హెచ్చరిక. ఈ ఒక్క అడ్రసుకే ఈ మినహాయింపు. ఇలా ప్రొసీడ్ కొట్టడం అలవాటై బ్యాంక్ సైటులో కూడా కొట్టేశానని ఒకాయన గర్వంగా చెప్పాడు, ఏం మాట్లాడాలో తెలియలేదు.

ఇదంతా అయ్యాకే టోకెన్ పెట్టండి. బ్రౌజర్ జోలికి వెళ్లకముందు టోకెన్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ తెరిచి అందులో సర్టిఫికెట్ కనబడుతోందా, గడువు ఉందా చూడండి. అక్కడే కనబడకపోతే డ్రైవర్ పని, బ్రౌజర్‌ని ఎంత కెలికినా లాభం లేదు. ఈమధ్యే రెన్యూవల్ చేయించుకుని ఉంటే కొత్త సర్టిఫికెట్‌ని పోర్టల్‌లో మళ్లీ రిజిస్టర్ చేయాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

ఇక ఈ కిందివి గుర్తుపెట్టుకోండి, వరస చూడకండి.

ఆ టోకెన్ సాఫ్ట్‌వేర్‌లో "ఇనీషియలైజ్" అని ఒక బటన్ ఉంటుంది. నొక్కొద్దు. రిపేర్ బటన్ కాదు అది, లోపల ఉన్న సర్టిఫికెట్‌ని చెరిపేస్తుంది, మళ్లీ కొనుక్కుని వీడియో వెరిఫికేషన్ నుంచి మొదలుపెట్టాలి.

పిన్ తప్పు పడుతుంటే ఊహించి ఊహించి కొట్టొద్దు. టోకెన్ లాక్ అవుతుంది.

పిన్ 12345678 ఉంటే ఈరోజే మార్చండి. కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించొద్దు. నవ్వకండి, వారానికొకటి చూస్తాను.

సైనర్‌ని పోర్టల్‌లో డీఎస్సీ రిజిస్టర్ చేసే పేజీలో ఉన్న లింకు నుంచే తీసుకోండి. గూగుల్లో వెతికి కాదు, వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన జిప్ ఫైలు అసలే కాదు. దించుకున్న ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అందులో "డిజిటల్ సిగ్నేచర్స్" ట్యాబ్ చూడండి. ఎవరు తయారుచేశారో పేరు ఉండాలి. ట్యాబే లేకపోతే డిలీట్ చేయండి.

యాంటీవైరస్ ఆపేయమని ఎవరన్నా అంటే అక్కడితో ఆపండి. అది అడ్డుపడుతుంటే ఆ ఒక్క ప్రోగ్రామ్‌కి మినహాయింపు ఇవ్వొచ్చు.

"డీఎస్సీ హెల్పర్" లాంటి పేర్లతో దొరికే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు వేయొద్దు. ఎమ్‌సైనర్‌కి ఎక్స్‌టెన్షన్ అక్కర్లేదు. అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా చదివి మారుస్తాను అని పర్మిషన్ అడిగేదానికి మీ బ్యాంక్ పేజీ కూడా కనబడుతుంది. అసలైనదే అయినా పూచీ లేదు: 2024 డిసెంబరులో సైబర్‌హేవెన్ అనే సెక్యూరిటీ కంపెనీ ఎక్స్‌టెన్షన్‌నే దొంగలు మార్చేసి క్రోమ్ స్టోర్ నుంచే జనాల కంప్యూటర్లలోకి పంపారు.

రెండు టోకెన్లు ఒకేసారి పెట్టొద్దు.

స్క్రీన్ ఇవ్వక తప్పకపోతే, మీ ఆడిటర్ గారి ఆఫీసు నుంచే అయినా, మీరే వాళ్ల పాత నంబరుకి ఫోన్ చేసి ఇవ్వండి. ఇచ్చే ముందు టోకెన్ పీకండి. బ్యాంక్ ట్యాబ్‌లు మూయండి. సంతకం పెట్టే టైమ్ వస్తే స్క్రీన్ షేరింగ్ ఆపి, టోకెన్ పెట్టి, పిన్ మీరే కొట్టి, అయిపోగానే మళ్లీ పీకండి. స్క్రీన్ నల్లగా అయితే మర్యాద చూడొద్దు, నెట్ వైరు లాగేయండి.

ప్రొప్రైటర్ అయితే ఈ తిప్పలే అక్కర్లేదు. ఈవీసీ (ఎలక్ట్రానిక్ వెరిఫికేషన్ కోడ్) ఉంది, ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, ఫైల్ చేసుకోండి. డీఎస్సీ తప్పనిసరి అన్నది కంపెనీలకు, ఎల్ఎల్‌పీలకు (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థలకు).

20 రాత్రి కూర్చోవద్దు. ఒక రోజు ఆలస్యమైతే 3బికి లేట్ ఫీజు రోజుకి 50 రూపాయలు, పన్ను కట్టాల్సి ఉంటే దాని మీద ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ. అంటే ఒకటి రెండు రోజులకి పెద్ద మొత్తమేమీ కాదు. ఆ యాభై రూపాయల టెన్షన్‌లోనే గుమస్తా ఆ నంబరుకి ఫోన్ చేశాడు.

ఇప్పటికే ఎవరికైనా స్క్రీన్ ఇచ్చి ఉంటే: టోకెన్ పీకండి, నెట్ ఆపండి. వేరే కంప్యూటర్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చండి. జీఎస్టీ ప్రొఫైల్‌లో మొబైల్, ఈమెయిల్, బ్యాంక్ ఖాతా, ఆథరైజ్డ్ సిగ్నేటరీ (సంతకం పెట్టే అధికారం ఉన్నవాళ్ల పేరు), నాలుగూ చూడండి. సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకి చెప్పి దాన్ని రివోక్ (రద్దు) చేయించండి. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

కోల్డ్ స్టోరేజీ వాళ్లు పాత సర్టిఫికెట్ రివోక్ చేయించి కొత్తది తీసుకున్నారు. మొబైల్ నంబర్ వెనక్కి మార్చమని టాక్స్ ఆఫీసర్‌కి కాగితాలు పెట్టారు. మధ్యలో వాళ్ల పేరు మీద ఎవరికైనా బిల్లులు కోశారేమోనని జీఎస్టీఆర్-1లు (అమ్మకాల బిల్లుల వివరాలిచ్చే రిటర్న్‌లు) ఒక్కొక్క లైనే చదువుతున్నారు, గుమస్తా పక్కనే కూర్చుని.