పాత ఫోను బైకుకు దారి చూపుతోంది

తిరుపతి నుంచి మదనపల్లె వెళ్లే దారిలో భాకరాపేట ఘాట్ దగ్గర సిగ్నల్ అందకపోతే మ్యాపులో కొత్త దారి వెతకడం కుదరదు. నిజానికి జీపీఎస్‌కు సిమ్ముతో పని లేదు. ఉపగ్రహాల సంకేతాలను ఫోను నేరుగా అందుకుంటుంది. డేటా కావలసింది మ్యాపు దించుకోవడానికే. అందుకే బీరువాలో మూలపడిన పాత ఆండ్రాయిడ్ ఫోనులో అనవసరమైనవన్నీ తీసేసి, ఇంటి వైఫైతో, నెట్ లేకున్నా దారి చూపే ఆర్గానిక్ మ్యాప్స్ యాప్, అందులో ఆంధ్రప్రదేశ్ మ్యాపు ఎక్కించాను.

అసలు పని ఛార్జింగ్ దగ్గరే ఉంది. "బండి తాళంచెవి తీస్తే ఛార్జరు కూడా ఆగిపోవాలన్నా, లేకపోతే పొద్దున్నే బండి మొరాయిస్తుంది" అన్నాడు మెకానిక్ తమ్ముడు. బ్యాటరీ ప్లస్ పక్కనే ఫ్యూజు, ఆ తర్వాత ఇగ్నిషన్ తీగతో నడిచే రిలే (తాళంచెవి తిప్పితేనే కరెంటు వదిలే స్విచ్చు), చివర 12 వోల్టులను 5కు దించే యూఎస్‌బీ ఛార్జరు పెట్టాం. హ్యాండిల్ తిరిగేచోట తీగ లాగకుండా కాస్త వదులు ఉంచడం చాలా ముఖ్యం.

ఇంజిన్ అదురు కెమెరాకు మంచిది కాదని ఆపిల్ 2021లోనే హెచ్చరించింది. రోజూ వాడే ఫోనును హ్యాండిల్‌కు బిగించకపోవడమే మేలు.

మన ఎండలు మరో పరీక్ష. 45 డిగ్రీలు దాటిన లిథియం బ్యాటరీని ఛార్జ్ చేయకూడదు. మూసి ఉండే ప్లాస్టిక్ సంచి మానేసి గాలి తగిలే హోల్డర్ పెట్టాను; మిట్టమధ్యాహ్నం ఛార్జింగ్ తీసేస్తాను.

సిమ్ లేనప్పుడు ఉపగ్రహాలు దొరకడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. హెల్మెట్ పెట్టుకునే ముందే ఫోనును ఆరుబయట ఆన్ చేసి ఉంచండి.