మూసీ గట్టున చీమల సర్వేకి వెళ్లే ముందు

వానలు పడేలోపు గండిపేట దిగువన చీమల సర్వేకి దిగేవాళ్లు ఇవి చూసుకోండి.

చీమ ఎక్కడ, ఎప్పుడు దొరికిందో చీటీ మీద పెన్సిల్‌తోనే రాసి, చీమలు వేసిన ఆల్కహాల్ సీసా లోపల వేయండి. ఆల్కహాల్‌కి పెన్ను సిరా కరిగిపోతుంది. ఎక్కడ, ఎప్పుడు దొరికిందో తెలియని చీమ లెక్కలోకి రాదు, రోజంతా పడ్డ కష్టం వృథా.

చీమలు పడేందుకు నేలలో పాతిన కప్పు అంచు నేలకు సమంగా ఉందా? వేలితో తడిమి చూడండి. గోరంత పైకి లేచినా చీమలు పక్కనుంచి తిరిగిపోతాయి.

ఒకే పుట్టలో పెద్దతలవి, చిన్నతలవి కనిపిస్తే రెండూ తీసుకోండి. ఫైడోలే అనే రకం చీమల్లో అవి ఒకే జాతి. విడిగా రాస్తే జాతుల లెక్క ఉత్తినే పెరుగుతుంది.

చెట్లు వదలకండి. ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు కప్పుల్లో పడటం తక్కువ.

మిట్టమధ్యాహ్నం వద్దు, ఎండకు చాలా చీమలు లోపలే ఉంటాయి.

వాన వచ్చేలా ఉంటే కప్పులు పాతకండి, నీళ్లు నిండుతాయి.