కొత్త కారుకు ఎక్స్‌టెండెడ్ వారంటీ కావాలా, వద్దా? ఇలా తేల్చుకోండి

రంగు, మోడల్, లోను అన్నీ ఖాయమయ్యాక, చివరి పది నిమిషాల్లో షోరూంవాళ్లు "ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా కలిపేశాం సార్, అందరూ తీసుకుంటారు" అంటారు. పది పన్నెండు లక్షలు పెడుతున్నచోట ఇరవై వేలు పెద్దగా అనిపించవు కాబట్టి చాలామంది సరేనంటారు. కొందరేమో కాగితం కూడా చూడకుండా అక్కర్లేదని కొట్టేస్తారు. ఇద్దరూ చేసేది పొరపాటే. ఇది బండిని బట్టి, దాన్ని వాడే తీరును బట్టి తేల్చుకోవాల్సిన లెక్క.

దీనికి మూడు కాగితాలు కావాలి. ప్రొఫార్మా ఇన్‌వాయిస్ (షోరూంవాళ్లు ముందుగా ఇచ్చే అంచనా బిల్లు), కారుతో వచ్చే కంపెనీ వారంటీ పుస్తకం, ఎక్స్‌టెండెడ్ వారంటీ నిబంధనల పూర్తి పత్రం. రంగురంగుల బ్రోచర్ ఆ పూర్తి పత్రం కిందికి రాదు.

1. డెలివరీ రోజు సంతకం పెట్టకండి

ఎలాగూ సాధారణంగా మొదటి మూడేళ్లూ కంపెనీ వారంటీ ఉంటుంది. పొడిగింపు మొదలయ్యేది అది అయిపోయాకే. అందుకని ఆ రోజు తొందరపడాల్సిన పని లేదు. అలాగని ఏళ్లు నాన్చినా నష్టమే. ఆలస్యమయ్యేకొద్దీ ధర పెరుగుతుంది, బండిని తనిఖీ చేశాకే ఇస్తామనే పరిస్థితి రావచ్చు, మూల వారంటీ ముగిశాక చాలా కంపెనీలు అసలు ఇవ్వవు. ఏ గడువులోపు ఎంత ధరో కాగితం మీద రాయించుకుని, మొదటి నెల దాటకముందే తేల్చేయండి.

ప్రొఫార్మాలో ముందే కలిపేసి ఉంటే తీయించండి. కొంటే చేతి డబ్బుతోనే కొనండి, లోనులో కలపకండి. 25,000 రూపాయలను 9 శాతం వడ్డీతో ఐదేళ్ల లోనులో కలిపితే నెలకు దాదాపు 519 చొప్పున మొత్తం 31,000 పైచిలుకు కట్టాల్సి వస్తుంది. వారంటీ మొదలవని మూడేళ్లకు కూడా వడ్డీ పడుతుంది.

2. కిలోమీటర్ల లెక్క వేయండి

వారంటీకి రెండు హద్దులుంటాయి, ఏళ్లు, కిలోమీటర్లు. ఏది ముందు వస్తే దానితో ముగుస్తుంది. మారుతీ సుజుకీ 2024 జులైలో మూల వారంటీని 2 ఏళ్లు లేదా 40,000 కిలోమీటర్ల నుంచి 3 ఏళ్లు లేదా 1,00,000 కిలోమీటర్లకు పెంచింది. దాని మీద పొడిగింపు తీసుకుంటే నాలుగో ఏడాదికి 1,20,000, ఐదో ఏడాదికి 1,40,000, ఆరో ఏడాదికి 1,60,000 కిలోమీటర్లు హద్దు.

ఏడాదికి 40,000 కిలోమీటర్లు తిరిగేవారు రెండున్నరేళ్లకే లక్ష దాటేస్తారు. వారు ఐదేళ్ల ప్యాకేజీ కొన్నా మూడున్నరేళ్లకే 1,40,000 అయిపోతాయి. అంటే చేతికి అదనంగా దక్కేది ఒక్క ఏడాది. ఏడాదికి 8,000 తిరిగే కారైతే మూడేళ్లకు 24,000 దగ్గరే ఉంటుంది, ఆ తర్వాతి రెండేళ్లూ పూర్తిగా దక్కుతాయి. కాకపోతే అంత తక్కువ తిరిగిన బండిలో ఇంజిన్, గేర్ బాక్స్ పాడవడం అరుదు. అక్కడ చూసుకోవాల్సినవి ఏసీ, స్క్రీన్, సెన్సార్లు. ఎండకు, కాలానికి దెబ్బతినేవి అవే.

మూడు నాలుగేళ్లలో అమ్మేసే ఆలోచన ఉంటే వద్దు. ఐదేళ్లకు మించిన ప్యాకేజీ కూడా వద్దు. అంత ముందుగా డబ్బు కట్టి కూర్చోవడం అనవసరం.

3. బండి రకం చూడండి

టర్బో లేని మామూలు పెట్రోల్ ఇంజిన్, మాన్యువల్ గేర్లు ఉన్న చిన్న కారుకు వద్దు. టర్బో, డీజిల్, సీవీటీ లేదా డీసీటీ రకం ఆటోమేటిక్ గేర్ బాక్స్, వీటిలో ఒక్కటున్నా తీసుకోండి. డీసీటీ గేర్ బాక్సులో నియంత్రణ యూనిట్ పాడైతే సాధారణంగా విప్పి బాగుచేయరు, మొత్తం మారుస్తారు. బీఎస్-6 కాలుష్య ప్రమాణాల డీజిల్ బండ్లలో పొగమసిని పట్టే ఫిల్టర్, దాని సెన్సార్లు ఖర్చుతో కూడిన భాగాలు. ఊళ్లోనే చిన్న చిన్న దూరాలు తిరిగే బండిలో ఆ మసి కాలిపోయేంత వేడి పుట్టక ఫిల్టర్ మూసుకుపోతుంటుంది.

చాలా ఎలక్ట్రిక్ కార్లకు బ్యాటరీ మీద 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ విడిగా ఉంటుంది. కాబట్టి బ్యాటరీ భయంతో పొడిగింపు కొనకండి. బండిలోపలి ఛార్జర్, స్క్రీన్, ఏసీ కోసమైతే ఆలోచించండి.

నమ్మదగిన పరీక్ష ఒకటుంది. సేల్స్ వాళ్లను వదిలేసి సర్వీస్ సెంటర్ విడిభాగాల కౌంటర్‌కు వెళ్లి ఏసీ కంప్రెసర్, పవర్ స్టీరింగ్ అసెంబ్లీ, మధ్యలోని టచ్ స్క్రీన్ ధరలు అడగండి. మూడింటిలో అన్నిటికంటే చవకైన దానికన్నా ప్యాకేజీ ఖరీదెక్కువైతే కొనకండి.

ఆ డబ్బును రికరింగ్ డిపాజిట్‌లో వేసుకుంటే చాలని సలహా ఇచ్చేవారున్నారు. మాన్యువల్ పెట్రోల్ కారుకు అది సరైన సలహానే. ఆటోమేటిక్ గేర్ బాక్స్ నాలుగో ఏడాదిలో పోతే మాత్రం దాచుకున్న ఇరవై పాతిక వేలు ఆ బిల్లుకు ఏ మూలకూ సరిపోవు. చిన్న రిపేర్లను ఎవరైనా భరించగలరు. వారంటీ కొనాల్సింది భరించలేని ఒక్క పెద్ద రిపేరు కోసం.

4. నిబంధనల పత్రం చదవండి

అందరూ దాటేసే మెట్టు ఇదే. డబ్బు పోయేదీ ఇక్కడే. మిగతావన్నీ పావుగంటలో ముగించి, దీనికి ఒక సాయంత్రం కేటాయించండి.

మొదట ఇస్తున్నది ఎవరో చూడండి. కార్ల కంపెనీ ఇచ్చే పొడిగింపు ఒకటి, డీలరు తనంతట తాను అమ్మేది మరొకటి. రెండూ ఒకే బల్ల మీద ఒకే పేరుతో అమ్ముడవుతాయి. కంపెనీదైతే హైదరాబాద్‌లో కొని విశాఖలోనో బెంగళూరులోనో కూడా వాడుకోవచ్చు. డీలరుదైతే ఆ వర్క్‌షాపుకే పరిమితం కావచ్చు, డీలర్‌షిప్ మూతపడితే అడగడానికి మనిషే ఉండడు. సర్టిఫికెట్ ఎవరి పేరుతో వస్తుంది, కంపెనీ యాప్‌లో మీ ఛాసిస్ నంబరు కింద అది కనిపిస్తుందా అని అడగండి. కనిపించదంటే కొనకండి.

తర్వాత జాబితా రాసిన తీరు చూడండి. "ఈ కింది భాగాలు తప్ప అన్నీ" అని ఉంటే మంచిది, పేరు లేని భాగం కూడా మీ పక్షానే ఉంటుంది. "ఈ కింది భాగాలు మాత్రమే" అని ఉంటే జాబితాలో లేని ప్రతి సెన్సారూ, ప్రతి మోటారూ మీ జేబు మీదే పడుతుంది. ఈ ఒక్క మాట తేడాతో ప్యాకేజీ విలువ బాగా పడిపోతుంది. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వైపర్లు, టైర్లు, బల్బులు, ఫిల్టర్లు, రబ్బరు భాగాలు మామూలుగా దేనిలోనూ ఉండవు. వాడకంలో అరిగేవి కాబట్టి అందులో మోసమేమీ లేదు. అడగాల్సినవి షాక్ అబ్జార్బర్లు, స్టీరింగ్, స్క్రీన్, సన్‌రూఫ్ మోటారు. ఏఎంటీ (మాన్యువల్ గేర్లనే యంత్రం మార్చే రకం ఆటోమేటిక్) కారైతే క్లచ్ ప్లేటు రాదు సరే, గేరు మార్చే యాక్చువేటర్ వస్తుందా అని విడిగా అడగండి.

మూడోది డబ్బు హద్దు. ఒక క్లెయిముకు ఇంతే, మొత్తానికి ఇంతే అని రాసుందా? లేబర్ ఛార్జీ కలిసిందా? గేర్ బాక్స్ మార్చినప్పుడు పోసే ఆయిలు, ఏసీ గ్యాసు ఎవరి ఖర్చు? వీటి జవాబులు నోటిమాటగా వద్దు, ఈమెయిల్‌లో అడగండి.

నాలుగోది, పాడవడానికి కారణం. వారంటీ చూసేది తయారీ లోపాన్నే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో మునిగిన బండ్ల లాంటివి వారంటీ కిందికి రావు. అక్కడ పనికొచ్చేది బీమా, అందులోనూ నీళ్లు చొరబడి ఇంజిన్ పాడైతే ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉండాలి. నీటిలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేస్తే బీమా కూడా కష్టమే. ఎలుకలు కొరికిన వైర్లదీ ఇదే దారి. "బంపర్ టు బంపర్ బీమా ఉంది కదా, వారంటీ ఎందుకు" అనే మాట తరచూ వినిపిస్తుంది. అది ప్రమాదంలో విరిగినవాటికి, దానంతట అది ఆగిపోయిన కంప్రెసర్‌కు దానితో సంబంధం లేదు.

చివరిది, వారంటీ రద్దయ్యే షరతులు. సర్వీసు ఆలస్యం వల్ల క్లెయిములు పోతుంటాయి. పిల్లలు అమెరికాలో ఉండి గుంటూరులోనో కరీంనగర్‌లోనో తల్లిదండ్రులకు కొనిచ్చిన కార్ల విషయంలో ఇది మరీ జరుగుతుంది. ఏడాదంతా 3,000 కిలోమీటర్లే తిరిగింది కదా అని సర్వీసు మానేస్తారు. 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది అని రాసుంటే, తిరగని బండికీ ఏడాదికి సర్వీసు తప్పదు. బయట వైర్లు కోసి లైట్లు, మ్యూజిక్ సిస్టం పెట్టించడం, బయట సీఎన్‌జీ కిట్ వేయించడం, సొంత వాడకానికి రిజిస్టరైన బండిని అద్దెకు తిప్పడం కూడా క్లెయిమును పోగొడతాయి.

5. కొన్నాక

సర్టిఫికెట్‌లో ఛాసిస్ నంబరు, మొదలు, ముగింపు తేదీలు, కిలోమీటర్ల హద్దు సరిచూసుకోండి. జీఎస్టీ బిల్లు తీసుకోండి. ప్రతి సర్వీసు జాబ్ కార్డును ఫొటో తీసి దాచండి. కారు అమ్మితే ఆర్‌సీతో పాటు వారంటీ కూడా కొత్త యజమాని పేరుకు మార్పించాలి, దానికి గడువు, రుసుము ఉండొచ్చు.

మూల వారంటీ ముగియడానికి నెల ముందు ఒకసారి బండిని పూర్తిగా చూపించి, చిన్న శబ్దమైనా, లీకైనా జాబ్ కార్డులో రాయించండి. తర్వాత ఎప్పుడైనా క్లెయిము తిరస్కరిస్తే కారణం, నిబంధన నంబరుతో సహా రాతపూర్వకంగా అడగండి. దాన్ని కంపెనీ కస్టమర్ కేర్‌కు పంపండి. అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి.