కంటి కింద నలుపు, ఉబ్బు – మూడో పాఠం: ట్యూబు వెనుక ఏముంది?

ఈసారి కంటి క్రీము ట్యూబు వెనుక చిన్న అక్షరాలు చదవడం నేర్చుకోవాలి. కానీ కంటి కింద నలుపు వర్ణకమా, రక్తనాళాలా, నీడా అని తేల్చే రెండో పాఠంలోని అద్దం పరీక్షకు మీరు పంపిన జవాబులు చూశాక, ఆ చిక్కు విప్పకుండా ముందుకు కదిలే వీలు లేదు. చాలా జవాబుల్లో ఒకటే మాట: "నాకు మూడు రకాలూ ఉన్నాయి." రెండు రకాలు కలిసి ఉండటం మామూలే, మూడూ ఉండవచ్చు కూడా. కానీ ఇంతమందికి నీడ ఎలా వచ్చింది? స్నానాల గదిలో నెత్తిమీద దీపం కింద నిలబడి చూసుకున్నారు కాబట్టి. వెలుగు పైనుంచి పడితే ఎవరి కంటి కిందైనా నీడ తేలుతుంది.

పగటిపూట కిటికీకి ఎదురుగా నిలబడండి. నేరుగా ఎండ వద్దు. ముందురోజు మస్కారా పూర్తిగా పోయి ఉండాలి. కంటి కింది చర్మాన్ని వేలితో సుతారంగా పక్కకు సాగదీయండి. "బలంగా లాగాను, మంట పుట్టింది" అని ఒకరు రాశారు. ఆ చర్మం మందం సుమారు అర మిల్లీమీటరే, మంట పుట్టక మానదు. సాగదీసినా గోధుమ ఛాయ అలాగే ఉంటే అది చర్మంలోని వర్ణకం, అంటే రంగు పదార్థం. నీలం, ఊదా ఛాయ ఇంకా స్పష్టమైతే అడుగున ఉన్న రక్తనాళాలు. ముఖాన్ని వెలుగువైపు ఎత్తగానే నలుపు మాయమైతే పల్లం వల్ల పడిన నీడ.

నీడ మాత్రమే ఉన్నవారికి ఈ పాఠంతో పని లేదు. పల్లాన్ని పూడ్చే క్రీము లేదు. పొద్దున ఉబ్బి మధ్యాహ్నానికి దిగిపోయేది నీరు, దానికి చల్లని తడిగుడ్డా ఎత్తు దిండూ పనిచేస్తాయి. రోజంతా దిగని సంచులు ముందుకు జారిన కొవ్వు, వాటికీ క్రీము లేదు. కొత్తగా ఉబ్బు మొదలై, కాళ్ల వాపో మూత్రంలో నురుగో తోడైతే చూపించుకోవలసింది వైద్యులకు.

ఇక ట్యూబు. పదార్థాలను ఎక్కువ మోతాదు నుంచి తక్కువకు వరుసగా రాస్తారు, 1 శాతం లోపువాటిని మాత్రం ఏ వరుసలోనైనా రాయవచ్చు. నేను వాడే అడ్డదారి ఒకటి ఉంది: ఫినాక్సీఇథనాల్ అనే, క్రీము పాడవకుండా కలిపే పదార్థాన్ని వెతకండి. దాన్ని సాధారణంగా 1 శాతానికి మించి కలపరు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో మెరిసే పూల సారం జాబితాలో దాని తరువాత కనిపిస్తే, అది పేరుకే ఉందనుకోండి. రెటినాల్‌కూ పెప్టైడ్లకూ ఈ లెక్క వర్తించదు. మొదటిది విటమిన్ ఎ రూపం, రెండోవి ప్రోటీన్ల చిన్న ముక్కలు, అవి అంతకన్నా తక్కువలోనే పనిచేస్తాయి.

గోధుమ ఛాయకు నియాసినమైడ్ (విటమిన్ బి3 రూపం), విటమిన్ సి, రెటినాల్ చూడండి. పగలు సన్‌స్క్రీన్ రాయకపోతే ఇవన్నీ దండగ. నీలి ఛాయకు, నీటి ఉబ్బుకు కెఫీన్. పొడిబారి నల్లగా కనిపించేవారికి గ్లిజరిన్ చాలు, మీ ముఖానికి రాసే మాయిశ్చరైజరే సరిపోతుంది. సువాసన కలిపినవి నేను కంటి దరిదాపులకు రానివ్వను. మూత తీసి వేలు ముంచే డబ్బాలో రెటినాల్ కొనను, గాలీ వెలుతురూ తగిలి అది పాడవుతుంది.

ఇప్పుడు నన్ను విసిగించే మాట: "రాసిన పది నిమిషాలకే తగ్గింది." తగ్గలేదు. కప్పబడింది. జాబితాలో మైకా ఉందా? అది అభ్రకం, వెలుగును చెదరగొట్టి నలుపును మరుగుపరుస్తుంది. ఐరన్ ఆక్సైడ్లు ఉన్నాయా? అది పలచని రంగు పూత. డైమెథికోన్ గీతలను నింపి నునుపుగా చూపిస్తుంది. సోడియం సిలికేట్ ఉంటే ఆరగానే చర్మాన్ని బిగిస్తుంది, సంచులు చదునవుతాయి, నవ్వితే తెల్లగా పొరలు లేస్తాయి. చల్లని లోహపు మొన ఉన్న ట్యూబులు మరీ విడ్డూరం, అక్కడ పనిచేసేది చల్లదనం, ఆ మేలు ఫ్రిజ్‌లో పెట్టిన చెంచాతోనూ అందుతుంది. కెఫీన్ ప్రభావం నిజమైనదే, కానీ అది కొన్ని గంటలే. వర్ణకం తగ్గాలంటే పైపొర మారాలి, దానికే నెల పడుతుంది. కప్పడం తప్పు కాదు, పెళ్లికి వెళ్లేముందు నేనూ కప్పుకుంటాను. కప్పేదాన్ని మందు ధరకు కొనడమే నాకు మింగుడుపడదు. తేల్చుకోవడం సులువు: రాత్రి ముఖం కడిగాక మిగిలినదే ఫలితం.

కనురెప్పల వెంట్రుకలు పెంచే సీరమ్ వాడుతున్నవారు దాని జాబితా కూడా చదవండి. బైమాటోప్రోస్ట్ వంటి మందులు రెప్పల చర్మాన్ని నల్లబరచగలవు, కంటి చుట్టూ కొవ్వును తగ్గించి పల్లం చేయగలవు. ఒక పక్క అది రాస్తూ మరో పక్క క్రీము వెతకడంలో అర్థం లేదు.

అభ్యాసం: ఎంచుకున్న క్రీమును ముందు మోచేతి మడతలో కొన్ని రోజులు రాసి చూడండి. దురద లేకపోతే 12 వారాలు ఒక్క కంటి కిందే రాయండి, రెండోదానికి మామూలు మాయిశ్చరైజర్. రెప్ప అంచుకు కాదు, కంటి కింది ఎముక మీద, బియ్యపు గింజంత. వారానికోసారి అదే కిటికీ దగ్గర, అదే సమయానికి, కడిగిన ముఖంతో ఫొటో తీయండి. చివర్లో ఏ కంటికి రాశారో చెప్పకుండా మొదటి, ఆఖరి ఫొటోలను మరొకరికి చూపి అడగండి. వారు చెప్పలేకపోతే రెండో ట్యూబు కొనకండి. గర్భిణులు రెటినాల్ ఉన్నవాటిని ఈ అభ్యాసానికి తీసుకోవద్దు.