పత్తి పైసలు తేయాకు షేర్లలో పెట్టే ముందు

మా వైపు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చేతిలో నాలుగు పైసలు ఆడతాయి. దేవరకొండ, మునుగోడు దిక్కు పత్తి అమ్ముడుపోతుంది. సాగర్ ఎడమ కాల్వ కింద వానాకాలం వడ్ల డబ్బు ఖాతాలో పడుతుంది. అచ్చంపేట, కల్వకుర్తి దిక్కు పల్లికాయ మార్కెట్‌కు వస్తుంది. ఫోన్లలో షేర్ల సలహాలు జోరందుకునేదీ ఆ రోజుల్లోనే.

మొన్న సంక్రాంతికి మా బామ్మర్ది వచ్చాడు. పత్తి అమ్మిన 2 లక్షలు ఖాతాలో ఉన్నాయి. "బావా, చాయ్ తాగనోడు ఎవడన్న ఉన్నడా? తేయాకు కంపెనీ షేర్ కొంటే ఎట్ల మునుగుతం? మనం చేసేదీ ఎవుసమే, అదీ ఎవుసమే గద!" అన్నాడు.

పదకొండేళ్ల కింద నేనూ అచ్చం ఇదే అనుకున్నాను. తేయాకు తోటల కంపెనీ ఒకదానిలో 80 వేలు పెట్టి, చివరికి 19 వేలకు అమ్ముకొని బయటపడ్డాను. వ్యవసాయం తెలిసినవాళ్లకు ఈ షేర్లలో సగం మేలు, సగం ముప్పు. అప్పు, కూలి, కరువు మనకు తెలుసు కాబట్టి మేలు. అంతా తెలుసనుకొని కంపెనీ లెక్కల పుస్తకం తెరవం కాబట్టి ముప్పు. ఆ రాత్రి ఆయనకు చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

చాయ్ అమ్మేవాళ్లు వేరు, ఆకు పండించేవాళ్లు వేరు

మొదట తేల్చుకోవాల్సింది ఇదే. ఇంట్లో వాడే చాయ్ పొడి ప్యాకెట్ మీద ఉన్న పేరు చాలావరకు ఆకు కొని, కలిపి, ప్యాక్ చేసి అమ్మే కంపెనీది. హిందుస్థాన్ యూనిలీవర్, టాటా కన్స్యూమర్ ఆ కోవలోవి. టాటా టీ చరిత్రే చూడండి. 2000లో బ్రిటన్‌కు చెందిన టెట్లీ బ్రాండును కొన్నది. 2005లో మున్నార్ తోటల్లో చాలా భాగాన్ని, అక్కడి ఉద్యోగులూ కార్మికులే ప్రధాన వాటాదారులుగా ఏర్పడ్డ కన్నన్ దేవన్ హిల్స్ ప్లాంటేషన్స్‌కు అప్పగించింది. తర్వాత ఉత్తరాది తోటలను అమాల్గమేటెడ్ ప్లాంటేషన్స్ అనే వేరే కంపెనీకి మార్చింది. ఈ వ్యాపారం లోతు తెలిసిన వాళ్లే బ్రాండు చేతిలో ఉంచుకొని తోటల బరువు దించుకున్నారంటే, ఆ బరువు ఏమిటో అడగకుండా మనం తలకెత్తుకోకూడదు.

ఆకు ధర పడితే బ్రాండు కంపెనీకి లాభం, తోట కంపెనీకి దెబ్బ. చీరల ధర పెరిగినంత మాత్రాన మన పత్తికి రేటు వచ్చిందా? చాయ్ హోటల్లో కప్పు 10 నుంచి 15 అయిందని తోట కంపెనీ షేర్ కొనడం కూడా అలాంటిదే.

పేరు చూసి కూడా కొనవద్దు. బాంబే బర్మా ట్రేడింగ్‌ను తోటల కంపెనీ అంటారు. నిజానికి దాని విలువలో పెద్ద భాగం బ్రిటానియా బిస్కెట్ల కంపెనీలో ఉన్న వాటాది. రోసెల్ ఇండియాలో తేయాకుతో పాటు విమానాల విడిభాగాల పనీ ఉండేది, 2024లో దాన్ని వేరు చేశారు. హారిసన్స్ మలయాళంలో తేయాకు ఎంత ముఖ్యమో రబ్బరూ అంతే. మీరు కొంటున్నది ఏ పంటనో, అసలు పంటనో కాదో వార్షిక నివేదికలోని విభాగాల వారీ ఆదాయం పట్టికలో తెలుస్తుంది.

ధర ఉన్న ఏడు దిగుబడి ఉందా?

నల్లగొండ బత్తాయి రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. బత్తాయికి మంచి రేటు పలికిన ఏడాది చాలామంది తోటల్లో కాయ ఉండదు. తేయాకూ అంతే. 2024లో అస్సాం, ఉత్తర బెంగాల్ తోటలను ఎండలు, తర్వాత వరదలు దెబ్బతీశాయి. దానికి తోడు ఆకు కోత నవంబరు 30తోనే ఆపాలని టీ బోర్డు ఆదేశించింది. దేశం మొత్తం మీద 2023లో దాదాపు 139 కోట్ల కిలోలున్న ఉత్పత్తి 2024లో 128 కోట్ల కిలోలకు పడిపోయింది. వేలంలో ధరలు పెరిగాయి. ఆ ధర వార్త చూసి షేర్ కొన్నవాళ్లు, తమ కంపెనీ ఎన్ని లక్షల కిలోలు తక్కువ తీసిందో చూసుకోవాల్సింది.

ఆకు తగ్గినా ఖర్చు తగ్గదు. మన దగ్గర పత్తి ఏరే కూలీలను అవసరమున్న నాలుగు రోజులు పిలుస్తాం. తోటలో అలా కుదరదు. చట్టం ప్రకారం కార్మికులకు ఇల్లు, వైద్యం, పిల్లల బడి లాంటి వసతులు కంపెనీ చూడాలి. మొత్తం ఖర్చులో పెద్ద వాటా కూలీలదే. అస్సాంలోని బ్రహ్మపుత్ర లోయలో రోజు కూలి 2023 అక్టోబరులో 250 రూపాయలైంది. అది ఇంకా పెరగాలి, పెరుగుతుంది కూడా. పాలమూరు లేబర్ పేరుతో ఊళ్లకు ఊళ్లు వలసపోయిన నేల మనది. 250 రూపాయలతో ఇల్లు ఎట్లా గడుస్తుందో మనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే కూలి ఇట్లే ఉంటుందన్న లెక్క మీద లాభం చూపించే సలహాదారు మాట నమ్మొద్దు. కూలి 50 రూపాయలు పెరిగితే ఈ కంపెనీకి ఇంకా లాభం మిగులుతుందా అని మీరే వేసి చూడండి.

ఇంకొకటి, సుమారు నాలుగున్నర కిలోల పచ్చి ఆకుకు కిలో చాయ్ పొడి వస్తుంది. దేశంలో సగానికి పైగా ఆకు ఇప్పుడు చిన్న రైతులదే. వాళ్ల ఆకు కొని పొడి చేసే ఫ్యాక్టరీలకు ఇళ్లు, ఆస్పత్రుల ఖర్చు ఉండదు. వేలంలో పెద్ద తోట పోటీ పడాల్సింది వాళ్లతోనే. ఎగుమతికి పోతే కెన్యా ఎదురవుతుంది. ఇరాన్‌కు పోయే, ఆకు చుట్టి చేసే ఆర్థడాక్స్ రకం మీద ఆధారపడ్డ కంపెనీకి పశ్చిమాసియాలో యుద్ధం వస్తే సరుకు రేవులోనే ఆగుతుంది.

కార్తెలు మనవి కావు

నా 80 వేలు పోవడానికి మొదటి కారణం క్యాలెండర్. నేను జనవరిలో కొన్నాను. అంతకు ముందు వచ్చిన సెప్టెంబరు త్రైమాసికం ఫలితాల్లో లాభం కళకళలాడింది. దాన్ని నాలుగుతో గుణించి ఏడాది లాభం అనుకున్నాను. మిరుగం నుంచి దీపావళి దాకా వచ్చిన రాబడిని ఎండాకాలానికీ కట్టినట్టు!

అస్సాం, డార్జిలింగ్, డువార్స్ తోటల్లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కోత ఉండదు. చెట్లను కత్తిరించి వదిలేస్తారు. మార్చి, ఏప్రిల్‌లో మొదటి చిగురు, మే, జూన్‌లో రెండోది, వానల్లో ఎక్కువ పరిమాణం, అక్టోబరు, నవంబరులో చివరిది. జీతాలు మాత్రం పన్నెండు నెలలూ నడుస్తాయి. అందుకే జనవరి-మార్చి త్రైమాసికంలో ఉత్తరాది తోట కంపెనీలు సాధారణంగా నష్టం చూపిస్తాయి. ఆ ఫలితాలు మే నెలాఖరుకు వస్తాయి. నేను ఆ రోజు బెదిరిపోయి కొంత అమ్మేశాను. అది ఏటా వచ్చే నష్టమేనని తెలిసుంటే బెదిరేవాడిని కాదు. అసలు జనవరిలో ఆ ధరకు కొనేవాడినే కాదు.

ఒక త్రైమాసికాన్ని పోల్చాల్సింది నిరుడు అదే త్రైమాసికంతో. కనీసం ఏడెనిమిదేళ్ల లెక్క ముందు పెట్టుకోండి, మంచి ఏడూ చెడ్డ ఏడూ రెండూ కనిపించాలి. దక్షిణాదిన నీలగిరి, వాల్పరై, మున్నార్ తోటలకు ఈ శీతాకాలపు విరామం లేదు, అక్కడ ఏడాది పొడుగునా ఆకు కోస్తారు. కాబట్టి కంపెనీ తోటలు ఎక్కడున్నాయో ముందు తెలియాలి.

జమానతు సంగతి

నా రెండో కారణం ఇంకా పెద్దది. నా కంపెనీ పంట బాగానే తీసింది. ఆ డబ్బు యజమానుల వేరే కంపెనీలకు అప్పుగా పోయింది. ఊళ్లో బంగారం పండించే రైతు కూడా తోడల్లుడి అప్పుకు జమానతు ఉండి మునిగిపోవడం మనం చూడలేదా?

దేశంలో అందరికీ తెలిసిన ఉదాహరణ మెక్‌లియాడ్ రసెల్. ప్రపంచంలోనే పెద్ద తేయాకు ఉత్పత్తిదారుల్లో ఒకటిగా ఉండేది. గ్రూపులోని ఇతర సంస్థలకు ఇచ్చిన డబ్బు తిరిగి రాలేదు, అప్పులు పెరిగాయి, 2018-19లో తోటలు వరుసగా అమ్ముకుంది, 2019లో బ్యాంకుల బాకీ కట్టలేకపోయింది. ఒకప్పుడు 300 రూపాయలు దాటిన షేర్ 2020లో 5 రూపాయల కిందికి వచ్చింది. తేయాకు చెట్లకు ఏ తెగులూ రాలేదు.

అందుకే వార్షిక నివేదికలో నేను ముందు లాభం చూడను. సంబంధిత సంస్థలతో లావాదేవీల పేజీ తెరుస్తాను. సొంత గ్రూపు కంపెనీలకు ఎంత అప్పు ఇచ్చారు, ఎవరికి గ్యారంటీ ఉన్నారు అన్నది అక్కడుంటుంది. తర్వాత ఆడిటర్ రాసింది. కంపెనీ ఇక ముందు నడుస్తుందా అన్న సందేహం ఆడిటర్ వ్యక్తం చేస్తే పుస్తకం మూసేయడమే. ఆ తర్వాత ప్రమోటర్ల (కంపెనీ యజమానుల) వాటాలో ఎంత తాకట్టులో ఉందో చూస్తాను. ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ స్టాక్ ఎక్స్చేంజీల వెబ్‌సైట్లలో మూడు నెలలకోసారి ఇది ఉచితంగా దొరుకుతుంది. ఇంగ్లిష్ రాకపోతే ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. ఈ మూడు పేజీలకు గంట చాలు.

లాభం మొత్తం ఆకు మీదిదేనా అన్నదీ చూడాలి. ఒక తోట అమ్మిన ఏడాది లాభం ఉబ్బుతుంది, షేర్ చవగ్గా కనిపిస్తుంది. అది ఎడ్లను అమ్మి పండగ చేసినట్టు.

వేల ఎకరాల మాట

షాద్‌నగర్, చౌటుప్పల్ దిక్కు ఎకరం ధర ఏమైందో చూసిన కళ్లు మనవి. అందుకే "ఈ కంపెనీకి 5 వేల ఎకరాలుంది బావా, షేర్ 100 రూపాయలే" అంటే మనసు లాగుతుంది. అక్కడి భూమి ఇక్కడిలా కాదు. అస్సాం, బెంగాల్ తోటల్లో చాలావాటి భూమి ప్రభుత్వం తేయాకు పండించడానికి ఇచ్చినది. ప్లాట్లు చేసి అమ్ముకునే భూమి కాదు. కేరళలో హారిసన్స్ మలయాళం భూముల మీద హక్కు ఎవరిదని ప్రభుత్వానికీ కంపెనీకీ ఏళ్ల తరబడి కోర్టుల్లో నడుస్తోంది. ఎకరాలను మన ధరతో గుణించే లెక్క వేయొద్దు. ఎకరాల కంటే చెట్ల వయసు అడగండి. యాభై ఏళ్లు దాటిన చెట్లకు దిగుబడి తగ్గుతుంది. కొత్తవి నాటితే నాలుగైదేళ్ల దాకా సరైన పంట రాదు.

కొనడం తేలిక, అమ్మడం కష్టం

చిన్న తోట కంపెనీల షేర్లు రోజుకు కొన్ని వందలో వేలో మాత్రమే చేతులు మారతాయి. చెడు వార్త వస్తే లోయర్ సర్క్యూట్ (ఒక్క రోజులో ధర పడగల కింది హద్దు) పడుతుంది, కొనేవాడే ఉండడు. బిడ్డ పెళ్లికో, బోరుకో కావలసిన డబ్బు ఇందులో పెట్టొద్దు. మార్కెట్ ఆర్డర్ కాకుండా మీ ధర మీరు పెట్టే లిమిట్ ఆర్డర్ వాడండి. ఎక్స్చేంజీల నిఘా జాబితాలో ఉన్న షేర్ జోలికి పోవద్దు.

నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చి కొనడం మాటే వద్దు. అది ఏడాదికి 24 శాతం. పంట లోను, బంగారం లోను డబ్బు కూడా వద్దు. మా బామ్మర్దికి నేను చెప్పింది 2 లక్షల్లో 20 వేలు. అదీ ఒకే కంపెనీలో కాదు.

పన్ను గురించి ఒక పొరపాటు మన వాళ్లలో ఎక్కువ. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు కాబట్టి తేయాకు కంపెనీ తన లాభంలోంచి పంచే డివిడెండ్‌కూ లేదనుకుంటారు. తేయాకు కంపెనీ ఆదాయంలో 60 శాతాన్ని వ్యవసాయ ఆదాయంగా, 40 శాతాన్ని వ్యాపార ఆదాయంగా లెక్కిస్తారు. అది కంపెనీ వరకే. వాటాదారుకు వచ్చే డివిడెండ్ వ్యవసాయ ఆదాయం కాదని బచా గుజ్దార్ కేసులో సుప్రీంకోర్టు 1950లలోనే తేల్చింది. భూమి కంపెనీది, మనది కాదు. డివిడెండ్‌ను మీ ఆదాయంలో కలిపి చూపాలి. ఏడాది లోపు లాభానికి అమ్మితే ఆ లాభం మీద 20 శాతం, ఏడాది దాటాక 1.25 లక్షలకు మించిన లాభం మీద 12.5 శాతం పన్ను.

షేర్ కానిదాన్ని షేర్ అంటే

తోటలో వాటా, చెట్ల మీద వాటా, నెలనెలా ఆదాయం అంటూ వచ్చేవి షేర్లు కావు. అగ్రిగోల్డ్‌లో మన జిల్లాల వాళ్లు ఎంతమంది పోగొట్టుకున్నారో, ఏజెంట్లుగా చేరి చుట్టాలకు ముఖం చూపలేకపోయిన వాళ్లు ఎంతమందో తెలుసు. షేర్ అంటే మీ పేరు మీద డీమ్యాట్ ఖాతాలో (షేర్లు ఉండే ఖాతా) కనిపించాలి, డబ్బు మీ బ్రోకర్ ఖాతాకే పోవాలి. ఎవరి సొంత యూపీఐకో పంపమన్నా, వాట్సాప్‌లో వచ్చిన లింకుతో యాప్ వేసుకోమన్నా ఆగిపోండి. సలహా ఇచ్చే మనిషిని సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, సెబీ వెబ్‌సైట్‌లో సరిచూడండి. డబ్బు పోయిందనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటల్లో చెబితేనే ఖాతాలో డబ్బు ఆపే వీలు ఉంటుంది.

బామ్మర్ది రెండు కంపెనీల నివేదికలు కొడుకుతో డౌన్‌లోడ్ చేయించాడు. ఒకదానిలో గ్రూపు సంస్థలకు ఇచ్చిన అప్పు ఆ ఏడాది లాభం కంటే ఎక్కువ తేలింది, దాన్ని పక్కన పెట్టాడు. రెండోది కొనాలా వద్దా అన్నది మే 30 లోపు వచ్చే మార్చి ఫలితాలు చూశాక తేల్చుకుంటానన్నాడు. అప్పటిదాకా ఆ 20 వేలు బ్యాంకులోనే ఉంటాయి. మిగతా డబ్బులో కొంత బోరు మోటారుకు పోయింది.